సి3, సి4 అంకెలు చెప్పునదేమి? చెప్పనిదేమి?

నాలుగేండ్ల క్రిందట మా కళాశాలలో చదువు ముగించిన ఒక అమ్మాయి వేసవి సెలవులలో మా యింటికి వచ్చినది. చేతిలో లావుపాటి ఫైలు. అందులో ఐదేండ్ల రక్తపరీక్షల కాగితములు తేదీల వరుసను కుట్టి ఉన్నవి. ఆమెకు లూపస్ అను వ్యాధి ఉన్నదని నాకు తెలియును. చివరి సంవత్సరము చదువుచుండగా వచ్చినది.

"మాస్టారూ, సి4 ఎనిమిదే ఉంది. పక్కన 'తక్కువ' అని నల్లగా అచ్చువేశారు. జబ్బు మళ్ళీ లేచిందని నెలరోజులనుంచి స్టెరాయిడు మాత్రలు రెండేసి వేసుకుంటున్నాను" అన్నది.

"డాక్టరుగారికి చెప్పావా అమ్మా?" అంటే తల వంచుకొన్నది.

కీళ్ళనొప్పి లేదు. జ్వరము లేదు. ముఖముమీద మచ్చ లేదు. మూత్రపరీక్షలో దోషము లేదు. ఉన్నదల్లా ఒక అంకె.

నేను వైద్యుడను కాను. ఆమెను ఆ సాయంకాలమే ఆమె వైద్యునివద్దకు పొమ్మని చెప్పితిని; పెంచిన స్టెరాయిడును ఒక్కసారిగా మానరాదని కూడ చెప్పితిని. అంతకుమించి చికిత్స విషయమున నోరు విప్పుట నాకు తగదు. కాని ఆ అంకె వెనుకనున్న రసాయనశాస్త్రము మనవంటి ఉపాధ్యాయులకు సంబంధించినదే. "సి3, సి4 తగ్గినచో లూపస్ పెరిగినట్లు, అవి పెరిగినచో లూపస్ తగ్గినట్లు" అను సూత్రమును చదువుకొన్నవారు కూడ ఎక్కాలవలె అప్పగించుచుందురు. ఈ సూత్రములో సత్యమున్నది. అది ఎంతవరకు సత్యమో చూడకుండ వాడుటయే ఈ విమర్శకు కారణము.

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముఖముమీది పుండ్లు తోడేలు కరచినట్లుండునని పూర్వపు వైద్యులు ఆ పేరు పెట్టిరి. రోగము చర్మముతో ఆగక లోపలి అవయవములకు కూడ ప్రాకునని 1872లో వియన్నాలో మోరిట్జ్ కపోసి వర్ణించెను. కంచె చేను మేసినట్లు, దేహమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే దేహముపై తిరుగబడుట దీని స్వభావము. మన కణకేంద్రకములలోని డి.ఎన్.ఏ.ను పరాయివస్తువుగా ఎంచి, దానికి విరోధముగా ప్రతిరక్షకములు తయారగును. ప్రతిరక్షకమును డి.ఎన్.ఏ.యు ముడిపడి, ఆ ముడులు మూత్రపిండములలోని రక్తకేశనాళికా గుచ్ఛములలో చిక్కుకొని మంట పుట్టించును. ఈ రోగుల సంఖ్యలో పదింట తొమ్మిదివంతులు స్త్రీలు. వారిలో ఎక్కువమంది పిల్లలను కను వయస్సులో ఉన్నవారే.

ఇక సి3, సి4 అనగా ఏమి? పందొమ్మిదవ శతాబ్దము చివర పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేయుచు జూల్స్ బోర్డె ఒక విచిత్రమును చూపెను. రోగనిరోధక శక్తి గల జంతువు సీరము సూక్ష్మజీవులను కరగించును. దానిని 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అరగంట ఉంచిన ఆ శక్తి పోవును. ఏ శక్తియు లేని మామూలు తాజా సీరమును కొంచెము కలిపిన మరల వచ్చును! కాబట్టి సీరములో రెండు వస్తువులుండవలెను: వేడికి నిలుచునది ఒకటి, నిలువనిది మరియొకటి. మొదటిది ప్రతిరక్షకము. రెండవదానికి పాల్ ఎర్లిఖ్ కాంప్లిమెంటు అని పేరు పెట్టెను. మనము పూరకము అనుకొందము. బోర్డెకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. పూరకము ఒక్క పదార్థము కాదనియు, ముప్పదికి పైగా మాంసకృత్తుల సమూహమనియు తరువాత తేలినది. ఇవి వరుసగా నిలిపిన పేకముక్కలవంటివి. ప్రతిరక్షకపు ముడిని సి1 తాకగనే అది సి4ను, సి2ను ఛేదించును. ఆ ముక్కలు కలిసి సి3ని ఛేదించును. ఛేదింపబడిన మాంసకృత్తు మరల పనికిరాదు.

అందువలన దేహములో ముడులు ఎక్కువైనకొద్ది సి4, సి3 ఖర్చగుట సహజము. 1951లో వాఘన్ మొదలగు అమెరికా వైద్యులు లూపస్ రోగులలో పూరకము తగ్గియుండుటను, చికిత్సతో అది మారుటను పరిశీలించిరి. 1968లో షర్, శాండ్‌సన్ అను వారు పూరకపు తగ్గుదలయు, డి.ఎన్.ఏ. ప్రతిరక్షకముల పెరుగుదలయు మూత్రపిండముల రోగముతో కలిసి వచ్చుటను వివరించిరి. సూత్రము పుట్టినది ఇక్కడనే. ఇది ఊహ కాదు. నిజమైన రోగులలో చూచినదే.

కొలుచు పద్ధతి కూడ తెలిసికొనదగినది. 1965లో ప్రచురింపబడిన మాన్సీని పద్ధతిలో, సి3కి విరోధియైన ప్రతిరక్షకమును అగారులో కలిపి పలుచని పలకగా పోసి, గుంట చేసి అందులో సీరము చుక్క వేయుదురు. సి3 నలువైపుల వ్యాపించి ప్రతిరక్షకముతో కలియుచోట తెల్లని వలయము ఏర్పడును. వలయము పూర్తిగా ఏర్పడిన పిమ్మట దాని వ్యాసపు వర్గము సి3 పరిమాణమునకు అనుపాతములో ఉండును. గ్రాఫు కాగితము, స్కేలు చాలును! నేడు చాలచోట్ల యంత్రములే ఆ పని చేయుచున్నవి. సీరములో ఏర్పడు మబ్బుతనము వెలుతురును ఎంత చెదరగొట్టుచున్నదో చూచి నిమిషములలో ఫలితము చెప్పును. నూరు మిల్లీలీటర్ల సీరములో సి3 సుమారు 90 నుండి 180 మిల్లీగ్రాములు, సి4 సుమారు 10 నుండి 40 మిల్లీగ్రాములు ఉండుట మామూలు. లేబొరేటరీనిబట్టి ఈ హద్దులు కొంచెము మారును.

ఈ హద్దులు దేవుడు గీసినవి కావు. ఆరోగ్యవంతులను కొందరిని పరీక్షించి, వారిలో నూటికి తొంబదియైదుగురు ఇమిడునట్లు గీతలు గీయుట వాడుక. అనగా ఏ జబ్బును లేని నూరుగురిలో ఇద్దరో ముగ్గురో క్రింది గీతకు దిగువననే ఉందురు. వారి కాగితముమీద కూడ "తక్కువ" అనియే అచ్చుపడును. గణితము చెప్పు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును తరగతిలో వాడుకొనవచ్చును.

సూత్రములోని అసలు లోపము ఇంకొకటి. వసతిగృహము పైకప్పుమీద నీటితొట్టి ఉన్నదనుకొనుడు. క్రిందనుండి మోటారు నీరు పోయుచుండును. కుళాయిలద్వారా నీరు పోవుచుండును. ఒక ఉదయము ఎక్కి చూడగా తొట్టి సగము ఉన్నది. పిల్లలు ఎక్కువ నీరు వాడిరా, మోటారు సరిగా పనిచేయలేదా, తొట్టియే చిన్నదా? మట్టమునుబట్టి చెప్పగలమా? తొట్టి నిండుగా ఉన్నను వాడకము లేదనుటకు వీలులేదు; మోటారు రెట్టింపు వేగముతో తిరుగుచుండవచ్చును. సి3, సి4 పరీక్షలు కొలుచునది మట్టమును. మనకు కావలసినది వాడకము.

ఈ మోటారు ముఖ్యముగా కాలేయములో ఉన్నది. దేహములో ఎక్కడ మంట పుట్టినను కాలేయము సి3, సి4లను ఎక్కువగా తయారుచేయును. రోగము విజృంభించి పూరకము ఖర్చగుచుండగా, అదే రోగపు మంట ఉత్పత్తిని కూడ పెంచుచున్నచో అంకె మామూలు హద్దులలోనే నిలిచిపోవచ్చును. గర్భిణీ స్త్రీలలో పూరకము సహజముగానే పెరుగును. గర్భవతియైన లూపస్ రోగికి "మామూలు" అని వచ్చిన అంకె నిజముగా మామూలో, పెరుగవలసినది పెరుగకపోవుటయో ఆలోచింపవలసి ఉండును. ఇంకొక ప్రక్క, సి3కి రేడియోధార్మిక గుర్తు తగిలించి దాని రాకపోకలను 1970 తరువాతి సంవత్సరములలో అనుసరించిన శాస్త్రజ్ఞులకు, కొందరు లూపస్ రోగులలో ఖర్చు పెరుగుటయే గాక ఉత్పత్తి కూడ తగ్గియుండుట కనబడినది. ఒకే అంకె వెనుక ఇన్ని కథలు!

సి4 విషయము మరింత చిక్కు. దానిని తయారుచేయు జన్యువులు ఆరవ క్రోమోసోములో ఉన్నవి. తక్కిన అనేక జన్యువులవలె ఇవి అందరికిని సమానసంఖ్యలో ఉండవు. చాలమందికి నాలుగు ప్రతులుండును. కొందరికి రెండు మూడు మాత్రమే, కొందరికి నాలుగుకంటె ఎక్కువ. ప్రతులు తక్కువగా గలవారికి పుట్టుకతోనే సి4 తక్కువ. వారి తొట్టియే చిన్నది. విశేషమేమనగా, అట్టివారికి లూపస్ వచ్చు అవకాశము కూడ ఎక్కువ. సి1లో భాగమైన సి1క్యు అను మాంసకృత్తు పుట్టుకతోనే పూర్తిగా లోపించిన అరుదైన వ్యక్తులలో నూటికి తొంబదిమందివరకు లూపస్ కాని, దానివంటి వ్యాధి కాని వచ్చును. చచ్చిన కణముల చెత్తను ఊడ్చిపారవేయుట పూరకపు పనులలో ఒకటి. ఊడ్పు సరిగా లేనిచోట ఆ చెత్తలోని డి.ఎన్.ఏ.పై విరోధము పుట్టునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కాబట్టి పూరకము తక్కువగుట కొందరిలో రోగముయొక్క ఫలితము, కొందరిలో దాని కారణము. కార్యకారణములు తారుమారైన ఈ చోట "తగ్గినచో పెరిగినట్లు" అను సూత్రమును మక్కికి మక్కిగా వాడుట ఎట్లు?

రోగము ఏ అవయవమున ఉన్నదో అదియు ముఖ్యము. అమెరికాలోని బాల్టిమోరు నగరమున 53 మంది రోగులను ఒక సంవత్సరము పాటు నెలనెల పరీక్షించి 2001లో ప్రచురించిన పరిశోధనలో, పూరకపు తగ్గుదల మూత్రపిండముల రోగముతోను, రక్తకణముల తగ్గుదలతోను కలిసివచ్చినది. చర్మము, కీళ్ళు మొదలైనవాటి విషయమున ఆ పొత్తు గట్టిగా కనబడదు. మూత్రపిండములలోనైనను ఒకటే తీరు కాదు. గుచ్ఛములోని పొర మందమగు ఒక రకపు లూపస్‌లో మూత్రములో మాంసకృత్తు ధారాళముగా పోవుచున్నను సి3, సి4 చక్కగానే ఉండవచ్చును. అట్టి రోగి రక్తపుటంకె చూచుకొని నిశ్చింతగా ఉండుట, మా అమ్మాయి భయముకంటె ప్రమాదకరము. పది నిమిషముల మూత్రపరీక్ష అక్కడ ఎక్కువ పని చేయును.

నమూనాను ఎట్లు ఉంచిరన్నది మరియొక సంగతి. పూరకము వేడికి నిలువదని బోర్డె నాడే చెప్పెను. గొఱ్ఱె ఎఱ్ఱకణములను సగము కరగించుటకు ఎంత సీరము కావలెనో చూచు పూర్తి పూరకపు పరీక్షలో, ఎండలో ఆలస్యముగా చేరిన నమూనా రోగము లేకున్నను తక్కువ చూపును. మామూలు సి3 పరీక్షకు ఇంత సున్నితత్వము లేదు. కాని దానికి వేరొక బలహీనత. అది పనిచేయు సి3ని మాత్రమే గాక, విరిగిన సి3 ముక్కలను కూడ లెక్కించునది. విరిగిన కుండపెంకులను కుండలతో కలిపి లెక్కించినట్లు!

డి.ఎన్.ఏ. ప్రతిరక్షకముల పరీక్ష ఈ లోపములను సరిదిద్దునా? 1957లో ఒకే సంవత్సరమున పలు దేశములవారు ఈ ప్రతిరక్షకములను కనుగొనిరి. లూపస్‌ను గుర్తించుటకు అది మిక్కిలి ఉపయోగకరము. రోగపు పోటును ముందుగా తెలిపే శక్తి దానికున్నదా అన్న ప్రశ్నకు రెండు ప్రయోగములు జవాబు వెదకినవి. ఈ రెంటిని విద్యార్థులు జాగ్రత్తగా చదువవలెనని నా కోరిక.

మొదటిది హాలెండు దేశపు ప్రయోగము, 1995లో ప్రచురింపబడినది. ప్రతిరక్షకము పెరిగినను అప్పటికి రోగము పెరుగని 46 మందిని రెండు జట్లు చేసిరి. 22 మందికి వెంటనే స్టెరాయిడు పెంచిరి. 24 మందికి మామూలు చికిత్సయే సాగించిరి. మందు పెంచినవారిలో 2, పెంచనివారిలో 20 పోట్లు వచ్చినవి. ఇది చూడగా అంకెకే చికిత్స చేయుట మంచిదనిపించును. కాని ఎవరికి ఏ మందు ఇచ్చుచున్నారో వైద్యులకును రోగులకును తెలియుచునే ఉన్నది. పైగా స్టెరాయిడు మోత త్వరగా దించుట సాధ్యము కాదు. ఎముకలు గుల్లబారుట, చక్కెర పెరుగుట, కంటిలో శుక్లము, అంటురోగములు దాని వెంట వచ్చును.

రెండవది 2006లో అమెరికానుండి వెలువడినది. ఇందులో మందేదో ఉత్తమాత్ర ఏదో ఎవరికిని తెలియనీయలేదు. రోగము నెమ్మదిగా ఉండి, ప్రతిరక్షకమును, సి3 ఛేదనమువలన పుట్టు సి3ఏ అను ముక్కయు రెండును పెరిగిన 41 మందిని తీసికొనిరి. 21 మందికి కొద్దివారములపాటు స్టెరాయిడు, 20 మందికి ఉత్తమాత్ర. మందు పుచ్చుకొన్నవారిలో ఒక్కరికిని తీవ్రమైన పోటు రాలేదు. ఉత్తమాత్రవారిలో ఆరుగురికి వచ్చినది. ఈ ప్రయోగమును పేర్కొనువారు సాధారణముగా ఇక్కడ ఆగుదురు. నేను ఇంకొక మెట్టు దిగుదును: ఉత్తమాత్ర పుచ్చుకొన్న ఇరువదిమందిలో పదునలుగురికి తీవ్రమైన పోటు రాలేదు గదా! రెండు సూచనలు కలిసి హెచ్చరించినను మూడింట రెండువంతులకు పైగా ఆ హెచ్చరిక తప్పినది. హెచ్చరికకు విలువ లేదని నేననను; ఆరుగురు చిన్నసంఖ్య కాదు. కాని ఒక్క సి4, అదియు ఒక్కమారు, తక్కువగా కనబడినంతనే మందు పెంచుటకు ఈ ప్రయోగములో ఆధారము లేదు.

కెనడాలోని టొరంటో వైద్యులు దీనికి తగిన దృష్టాంతము చూపిరి. రక్తపరీక్షలు చెడిపోయియున్నను రోగలక్షణములు లేని మనుష్యులుందురని గ్లాడ్‌మన్, యూరోవిట్జ్ మొదలగువారు 1979లోనే వ్రాసిరి. అదే బృందము 2010లో 924 మంది రోగుల చరిత్రలను తిరగవేయగా 56 మంది అట్టి నెమ్మది స్థితిలో ఉండిరి. వారిలో పోటు వచ్చినవారు లేకపోలేదు; కాని వచ్చుటకు సగటున మూడేండ్లవరకు పట్టినది. అంకెను చూచి ఆ మూడేండ్లు స్టెరాయిడు పెంచి ఇచ్చియుంటే ఏమగునో ఊహించుకొనవచ్చును.

ఆశ్చర్యమేమనగా, రోగపు తీవ్రతను మార్కులతో కొలుచుటకు అదే టొరంటోలో పుట్టిన స్లెడై అను పట్టికలోనే నా కొక ఆక్షేపణ ఉన్నది. అందులో 24 అంశములు, మొత్తము 105 మార్కులు. మూర్ఛకు 8, కీళ్ళవాపుకు 4, జ్వరమునకు 1. పూరకము తగ్గినచో 2, డి.ఎన్.ఏ. ప్రతిరక్షకము పెరిగినచో 2. అనగా ఏ బాధయులేక వంటచేసికొని, ఉద్యోగము చేసికొనుచున్న మనిషికి రక్తమునుబట్టి 4 మార్కులు. కీళ్ళు వాచి జడ వేసికొనలేని మనిషికిని అవే 4 మార్కులు! తూకపురాయిని, సరకును ఒకే తక్కెడలో వేసినట్లున్నది. ఈ లోపమును తజ్ఞులు గుర్తింపలేదనుట అన్యాయము. రక్తపు మార్కులు తీసివేసి లక్షణములను మాత్రమే లెక్కించు పద్ధతి వచ్చినది. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి రోగశాంతికి ఇచ్చిన నిర్వచనములో లక్షణముల మార్కులు సున్నయు, వైద్యుని అంచనా కనిష్ఠముగాను, రోజుకు ప్రెడ్నిసొలోను 5 మిల్లీగ్రాములకు మించకయు ఉండవలెనని చెప్పి, రక్తపరీక్షలు ఎట్లున్నను సరే అనిరి. ఈ మార్పు లేబొరేటరీ కాగితము చదువు సామాన్యునివరకు ఇంకను దిగిరాలేదు.

సి.ఆర్.పి. అను మరొక మాంసకృత్తును గురించి ఒక్కమాట. 1930లో న్యూయార్కులో కనుగొన్న ఇది అంటురోగములలో విపరీతముగా పెరుగును. లూపస్ పోటులో మాత్రము తరచు అంతగా పెరుగదు. జ్వరముతో వచ్చిన లూపస్ రోగిలో ఇది బాగా పెరిగియున్నచో వైద్యుడు ముందుగా అంటురోగమును, లేదా ఊపిరితిత్తులపొర, గుండెపొరల మంటను వెదకును. అక్కడ మాత్రము తగ్గుదలకంటె పెరుగుదలయే మాట్లాడును.

వాడకమునే నేరుగా కొలుచుట సాధ్యము కాదా? తొట్టి మట్టము వదలి, కాలువలో పోవు నీరు కొలిచినట్లు, సి4 విరుగగా మిగిలిన సి4డి అను ముక్క ఎఱ్ఱకణములకు, తెల్లకణములకు ఎంత అంటుకొనియున్నదో కొలుచు పరీక్షలను ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములనుండి పిట్స్‌బర్గ్ మొదలగు చోట్ల అభివృద్ధిచేసిరి. ఆలోచన చక్కనిది. కాని ప్రత్యేక యంత్రములు కావలెను, ఖర్చు ఎక్కువ. జిల్లా పట్టణములోని రోగికి ఇంకను సి3, సి4లే దిక్కు. కాబట్టి వాటినే తెలివిగా చదువుట నేర్వవలసియున్నది. ఒకే లేబొరేటరీలో, ఒకే పద్ధతితో, ఆ మనిషి తన పాత అంకెలతో పోల్చుకొనుచు, మూత్రములోని మాంసకృత్తును ప్రక్కన పెట్టుకొని చదివినచో ఈ చౌకపరీక్ష ఇప్పటికిని మంచి సేవకుడే. ఒకరికి 95 మామూలు. ఎప్పుడును 150 ఉండు మరియొకరికి 95 అనగా పెద్ద పతనము. రెండు కాగితములమీదను అచ్చు ఒకటే.

మా అమ్మాయి రెండు వారముల తరువాత మరల వచ్చినది. వైద్యుడు ముందు కోప్పడెనట. తరువాత ఆ ఫైలును మొదటినుండి తిరగవేసెనట. ఐదేండ్లలో సి4 ఒక్కమారైనను 10 దాటలేదు. ఆమె ఎంతో ఆరోగ్యముగా ఉన్న నెలలలో కూడ. మొదట మూత్రపిండములు వాచినప్పుడు సి3 52కు పడిపోయినది, ఇప్పుడది 104. మాత్రలను కొంచెము కొంచెముగా దించుటకు తేదీలు వేసి ఇచ్చెను.

"సి3 ఎంతకు తగ్గితే భయపడాలి మాస్టారూ?" అని అడిగినది. ఆ ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు నావద్ద లేదు, ఆమె వైద్యుడును ఇవ్వలేదట. బీరువాలోనుండి ఒక గ్రాఫు పుస్తకము తీసి యిచ్చితిని. అక్కడనే కూర్చుండి ఎఱ్ఱసిరాతో సి3, నీలిసిరాతో సి4, వాటిక్రింద పెన్సిలుతో మూత్రపు మాంసకృత్తు గుర్తించినది. నీలిగీత ఐదేండ్లు పొడవునను కాగితపు అడుగున స్కేలుతో గీసినట్లు సాగినది. ఎఱ్ఱగీత ఎడమచివర గోతిలోపడి, మెల్లగా మెట్టెక్కి వచ్చినది. పెన్సిలుగీత సరిగా ఆ గోతిపైననే గుట్టవలె లేచి తరువాత అణగిపోయినది. కుడివైపున మిగిలిన ఖాళీ గడిలో తదుపరి పరీక్ష తేదీ వ్రాసికొని, గ్రాఫు పుస్తకమును ఫైలుతో కలిపి సంచిలో పెట్టుకొన్నది.